సొంత కారులో రాయలసీమ దాటుతున్నారా? అసలు భయపడాల్సింది దేనికో ముందు తెలుసుకోండి

హైదరాబాద్ నుంచి తిరుపతికో, బెంగళూరుకో సొంత కారులో బయలుదేరుతున్నామంటే చాలు, ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే. 'రాత్రిపూట సీమ మీదుగా ఎందుకురా?' అని. వాళ్ల మనసులో ఉండేది ఫ్యాక్షన్. గాల్లోకి లేచే టాటా సుమోలు, వేట కొడవళ్లు, నాటు బాంబులు. సినిమాలు పాతికేళ్లుగా చూపించిన బొమ్మ అది.

పెద్దవాళ్ల భయంలో సగం నిజం ఉంది. కర్నూలు, నంద్యాల, కడప మీదుగా వెళ్లే దారుల్లో ప్రాణాలు పోతున్న మాట వాస్తవం. అయితే కారణం ఫ్యాక్షన్ కాదు. నిద్రమత్తు, స్పీడు, ఘాట్‌లో బ్రేకులు, రోడ్డు మీద చీకట్లో పడి ఉన్న వస్తువులు, ఒక్కసారిగా పొంగే వంకలు. వీటిలో చాలావరకు మనం బయలుదేరే టైమ్‌ను బట్టే ఎదురవుతాయి. అందుకే సొంత బండిలో వెళ్లాలా వద్దా, వెళ్తే ఎప్పుడు, ఏ దారిలో వెళ్లాలి అనేది ముందే తేల్చుకోవాలి. ఆ లెక్క ఎలా వేసుకోవాలో చూద్దాం.

ఫ్యాక్షన్ భయం ఎంతవరకు నిజం?

సీమలో ఫ్యాక్షన్ హత్యలు జరిగాయి. వాహనాలను అడ్డగించి చంపిన ఘటనలూ ఉన్నాయి. 2017 మే 21న కర్నూలు జిల్లాలో పత్తికొండ నియోజకవర్గ వైసీపీ ఇన్‌ఛార్జ్ చెరుకులపాడు నారాయణరెడ్డిని అలాగే చంపారు. ఆయన పెళ్లికి వెళ్లి వస్తుండగా కల్వర్టు దగ్గర కారును ట్రాక్టర్లతో అడ్డుకున్నారు. ఇలాంటి కేసుల్లో గమనించాల్సింది ఒకటుంది. దాడి చేసేవాళ్లు ఫలానా మనిషి, ఫలానా బండి అని ముందే గుర్తుపెట్టుకుని కాపు కాస్తారు. దారిన పోయే కుటుంబంతో వాళ్లకు పని లేదు. హైవే మీద వెళ్లే బయటి ఊరి కారుకు ఫ్యాక్షన్ వల్ల వచ్చే ముప్పు లేనట్టే అనుకోవచ్చు.

మనుషుల వల్ల వచ్చే ముప్పు వేరే రూపంలో ఉంది. శేషాచలం, లంకమల, నల్లమల అడవుల చుట్టూ ఎర్రచందనం స్మగ్లర్ల బండ్లు తిరుగుతుంటాయి. పోలీసులకు దొరక్కుండా రాత్రిపూట విపరీతమైన వేగంతో పోతాయి. 2020 నవంబరు 2న తెల్లవారుజామున కడప జిల్లా వల్లూరు మండలంలో ఎర్రచందనంతో వెళ్తున్న వాహనం టిప్పర్‌ను ఢీకొట్టింది. మంటలు లేచి అందులోని వాళ్లు సజీవ దహనమయ్యారు. వెనక నుంచి లైట్లు కొడుతూ దూసుకొచ్చే బండి కనిపిస్తే పోటీ పడకుండా ఎడమకు జరిగి దారి ఇచ్చేయడం మంచిది.

ఇక దొంగతనాల సంగతి. రోడ్డు పక్కన చీకట్లో బండి ఆపి నిద్రపోయేవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ. ఆగాలనిపిస్తే వెలుతురు, జనం ఉన్న పెట్రోల్ బంకు, టోల్ ప్లాజా, పెద్ద దాబా దగ్గరే ఆగాలి.

ప్రాణాలు పోతున్నది ఎక్కడ?

జాతీయ రహదారి ఎన్‌హెచ్-44 మీద కర్నూలు నుంచి వెల్దుర్తి దాకా ఉన్న కొద్దిపాటి దూరంలో జరిగిన మూడు ఘోరాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

2019 మే 11: వెల్దుర్తి దగ్గర ఓ ప్రైవేటు వోల్వో బస్సు బైకును తప్పించబోయి అదుపు తప్పింది. ఎదురుగా వస్తున్న తుఫాన్ వాహనాన్ని ఢీకొట్టింది. తుఫాన్‌లో ఉన్న గద్వాల ప్రాంతవాసులు 15 మందికి పైగా చనిపోయారు.

2021 ఫిబ్రవరి 14: మదనపల్లె నుంచి అజ్మీర్ బయలుదేరిన టెంపో ట్రావెలర్ వెల్దుర్తి మండలం మాదారపురం దగ్గర తెల్లవారుజామున డివైడర్ దాటి అవతలి వైపు లారీని ఢీకొట్టింది. 14 మంది మరణించారు. నలుగురు పిల్లలు బతికారు.

2025 అక్టోబరు 24: హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు చిన్నటేకూరు దగ్గర తగలబడింది. అంతకుముందే ఓ బైకు డివైడర్‌ను ఢీకొని, దాన్ని నడుపుతున్న యువకుడు చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకు మీదికి బస్సు ఎక్కడంతో మంటలు లేచాయి. తెల్లవారుజామున 3 గంటల వేళ 19 మంది బస్సు ప్రయాణికులు కాలిపోయారు.

ఈ మూడింటిలో రోడ్డు బాగోలేదని చెప్పడానికి లేదు. డివైడర్ ఉన్న మంచి నాలుగు లైన్ల రోడ్డే. రెండు ఘటనలు తెల్లవారకముందే జరిగాయి. మూడింటిలోనూ ప్రమాదం హఠాత్తుగా ఎదురైంది. స్పీడు మీదున్న డ్రైవర్‌కు తేరుకునే టైమ్ దొరకలేదు. మంచి రోడ్డు అనే ధైర్యమే ఇక్కడ కొంప ముంచుతోంది.

దేశం మొత్తం చూసినా ఇదే కథ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లలో 16,715 మంది సీటు బెల్టు పెట్టుకోనివాళ్లు. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 11.9 లక్షల మంది రోడ్ల మీద చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం ముప్పు 4 శాతం పెరుగుతుందన్నది ఆ సంస్థ మాటే.

రాత్రి 10కి బయలుదేరితే ఏమవుతుంది?

చాలామంది వేసే ప్లాన్ ఇది. శుక్రవారం ఆఫీసు అయ్యాక ఇంటికొచ్చి, తినేసి, పిల్లల్ని వెనక పడుకోబెట్టి రాత్రి 10కి హైదరాబాద్‌లో బయలుదేరతారు. ట్రాఫిక్ ఉండదు, ఎండ ఉండదు, పొద్దున్నకల్లా కొండ కింద ఉండొచ్చు అనుకుంటారు.

లెక్క వేసి చూడండి. హైదరాబాద్ నుంచి కర్నూలు సుమారు 215 కిలోమీటర్లు. మధ్యలో ఓ టీ బ్రేక్ తీసుకుంటే కర్నూలు చేరేసరికి రాత్రి 2 అవుతుంది. అక్కడి నుంచి ఎన్‌హెచ్-40 మీద ఓర్వకల్లు, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడప మరో 200 కిలోమీటర్ల పైమాటే. అంటే 2 నుంచి 5 గంటల మధ్య, మనిషి ఒంటికి నిద్ర బాగా ముంచుకొచ్చే వేళలో, మీరు తిన్నగా సాగే నాలుగు లైన్ల రోడ్డు మీద ఉంటారు. చుట్టూ చీకటి. మలుపులు తక్కువ. ఏసీ చల్లగా ఉంటుంది. వెనక సీట్లో అందరూ నిద్రలో ఉంటారు.

గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది. కళ్లు నాలుగు సెకన్లు మూతపడితే 100 మీటర్లు బండి దానంతట అదే వెళ్లినట్టు లెక్క.

ఇంకో విషయం. పొద్దున 6కి లేచిన మనిషి రాత్రి 11 అయ్యేసరికి 17 గంటలు మేలుకుని ఉన్నట్టు. ఆ స్థితిలో మనిషి స్పందించే తీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడికి దగ్గరగా ఉంటుందని పరిశోధనలు తేల్చాయి. మన దేశంలో డ్రైవింగ్‌కు చట్టం అనుమతించే పరిమితి 0.03 శాతం. చుక్క ముట్టకపోయినా, తాగిన డ్రైవర్‌తో ప్రయాణించినంత పని అవుతుంది.

ఏపీ పోలీసులు తెల్లవారుజామున హైవేల మీద వాహనాలు ఆపి డ్రైవర్లతో ముఖం కడిగించి పంపే కార్యక్రమాన్ని చేపట్టింది ఇందుకే. అయితే నీళ్లు, టీ, పాటలు కాసేపటికే పనిచేస్తాయి. నిద్రకు మందు నిద్రే. ఆవలింతలు ఆగకపోయినా, దాటిన ఊరి పేరు గుర్తు రాకపోయినా, బండి లైను దాటుతున్నా వెంటనే సురక్షితమైన చోట ఆపి 20 నిమిషాలు కునుకు తీయాలి.

అదే రాత్రి కంటినిండా పడుకుని పొద్దున 5కి బయలుదేరితే 9కల్లా కర్నూలులో టిఫిన్ చేయొచ్చు. మధ్యాహ్నం 1 దాటేసరికి కడప చేరొచ్చు. సాయంత్రానికి తిరుపతిలో ఉంటారు. పోయేది సగం రోజు సెలవు.

పగలైతే అంతా సేఫేనా?

కాదు. పగటి ముప్పులు వేరే ఉన్నాయి.

ఎండ, టైర్లు: ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల్లో ఎండ 44 డిగ్రీలు దాటడం మామూలే. ఎండకు టైర్లు పేలతాయని గాలి తగ్గించి నడిపేవాళ్లున్నారు. అది తప్పు. గాలి తక్కువైతే టైరు పక్క గోడలు ఎక్కువగా ఒంగి, మరింత వేడెక్కి పేలిపోతాయి. కంపెనీ చెప్పినంత గాలి, బండి చల్లగా ఉన్నప్పుడే చూసి పట్టించాలి. అరిగిన టైర్లు, పగుళ్లు వచ్చిన పాత టైర్లతో ఎండాకాలం సీమ దాటే సాహసం వద్దు. స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా చూసుకోవాలి.

పల్లె క్రాసింగ్‌లు: ఎన్‌హెచ్-40 పొడవునా ఊళ్ల దగ్గర డివైడర్ మధ్య ఖాళీలు ఉంటాయి. అక్కడ బైకులు రాంగ్ రూట్‌లో వస్తాయి. పొద్దున, సాయంత్రం గొర్రెల మందలు రోడ్డు దాటుతాయి. కోతల కాలంలో ధాన్యం రోడ్డు మీదే ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. చీకటి పడ్డాక ఆ రాళ్లు కనిపించవు. వెనక లైటు లేని ట్రాక్టర్లు ఉండనే ఉంటాయి.

లోడు లారీలు: బేతంచెర్ల నాపరాయి, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీల వల్ల ఈ ప్రాంతంలో బరువు లారీలు, టిప్పర్లు చాలా ఎక్కువ. రెండు లైన్ల రోడ్ల మీద వీటిని ఓవర్‌టేక్ చేసే తొందరే ఎదురెదురు ప్రమాదాలకు దారి తీస్తుంది.

నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకు గరిష్ఠ వేగం 100 కిలోమీటర్లు. బోర్డు మీద అంతకంటే తక్కువ ఉంటే అదే వర్తిస్తుంది. కర్నూలు నుంచి కడపకు 100లో కాకుండా 80లో వెళ్తే ఆలస్యమయ్యేది సుమారు అరగంట.

ఘాట్ రోడ్లు: దిగేటప్పుడే జాగ్రత్త

కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. పాలకోవాకు ఎంత పేరో, ప్రమాదాలకూ అంత పేరు. 2024 ఆగస్టులో ఇక్కడ కారు, కంటైనర్ లారీ ఢీకొని ఐదుగురు చనిపోయారు. 2025 మేలో అదుపు తప్పిన లారీ కారు మీద పడి మరో ఐదుగురు మరణించారు.

కారణం అర్థం చేసుకుంటే జాగ్రత్త తేలిక. బరువు లారీ ఘాట్ దిగేటప్పుడు డ్రైవర్ అదేపనిగా బ్రేకు తొక్కితే లైనర్లు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అప్పుడు లారీని ఆపేదేదీ ఉండదు. అందుకే కారు నడిపేవాళ్లు కొన్ని సంగతులు పాటించాలి.

కిందికి దిగుతున్న లారీకి సరిగ్గా ముందు గానీ, పక్కన గానీ ఉండొద్దు. దూరం పెంచండి, లేదా దాన్ని ముందుకు పోనివ్వండి.

మీ కారునూ ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దించండి. ఆటోమేటిక్ అయితే లో గేరు లేదా మాన్యువల్ మోడ్ పెట్టండి. న్యూట్రల్‌లో దించడం ఆత్మహత్యతో సమానం.

ఇరుకు చోట ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, రూలు కూడా.

మలుపుల్లో ఫొటోల కోసం ఆపొద్దు. కోవా కొనాలంటే బండిని రోడ్డు మీంచి పూర్తిగా కిందికి దించి, పిల్లలు రోడ్డు వైపు దిగకుండా చూసుకోండి.

నంద్యాల నుంచి గిద్దలూరు వైపు, ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు వెళ్లే రోడ్లు నల్లమల అడవిలోంచి పోతాయి. ఆత్మకూరు, దోర్నాల దారి పులుల అభయారణ్యంలోనిది. వన్యప్రాణుల కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టుల దగ్గర వాహనాలు ఆపేస్తారు. శ్రీశైలం వెళ్లేవాళ్లు ఈ టైమ్‌ను లెక్కలో పెట్టుకోకపోతే గేటు మూస్తారేమోనని చీకట్లో, మలుపుల్లో స్పీడు పెంచుతారు. ముప్పంతా ఆ చివరి గంట తొందరలోనే ఉంది. గేటు అందదనిపిస్తే ఆత్మకూరులోనో, నంద్యాలలోనో రూము తీసుకోవడం నయం.

కరువు నేలలో వరద ముప్పు

సీమ అంటే కరువు అనుకుంటాం. కానీ ఎండిపోయి కనిపించే వంక ఎగువన వాన పడితే గంటల్లో పొంగుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరమే మునిగింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆర్టీసీ బస్సులు నీళ్లలో చిక్కుకున్నాయి. అవే వానలకు కమలాపురం దగ్గర పాపాఘ్ని నది మీద వంతెన కూలింది.

అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయడమే మేలు. మధ్యలో వాన పట్టుకుంటే రోడ్డు మీద పారే నీళ్లలోకి బండి దించొద్దు. రెండడుగుల లోతున పారే నీరు కారును తోసేయగలదు. కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైకి తెలియదు. ముందు బస్సు దాటింది కదా అని వెనకే కారు దించడం చాలామంది చేసే పొరపాటు. బస్సు బరువు, ఎత్తు కారుకు రావు.

సొంత కారా, రైలా? ఐదు ప్రశ్నలు

బయలుదేరే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఈ ఐదు ప్రశ్నలకు నిజాయతీగా జవాబు చెప్పుకోవాలి.

1. నడిపే మనిషి గత రాత్రి కనీసం 7 గంటలు పడుకున్నాడా?

2. రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5 మధ్య రోడ్డు మీద ఉండాల్సి వస్తుందా? వస్తే మధ్యలో పడుకోవడానికి చోటు చూసుకున్నారా?

3. కారులో నడపగలిగే రెండో మనిషి ఉన్నారా?

4. టైర్లు, బ్రేకులు, లైట్లు, వైపర్లు చూపించారా? వెనక సీట్లో వాళ్లకూ బెల్టులు ఉన్నాయా?

5. ఆలస్యమైతే ఎక్కడ ఆగిపోవాలో ముందే అనుకున్నారా?

మొదటి రెండింట్లో ఏ ఒక్కదానికి జవాబు తేడాగా ఉన్నా రైలు చూసుకోవడం మంచిది. కాచిగూడ నుంచి కర్నూలు, కడప మీదుగా తిరుపతికి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది. బెంగళూరుకు కాచిగూడ, యశ్వంత్‌పూర్ వందేభారత్ 2023 సెప్టెంబరు నుంచి నడుస్తోంది. కర్నూలు, అనంతపురంలో ఆగుతుంది. అక్కడ దిగాక లోకల్‌గా ట్యాక్సీ పెట్టుకోవచ్చు. ముసలివాళ్లు, చంటిపిల్లలు, మధ్యలో ఆగి చూడాల్సిన చోట్లు ఉంటే సొంత కారు సుఖమే. అప్పుడు పగటి ప్రయాణం పెట్టుకుని, నంద్యాలలోనో కడపలోనో ఓ రాత్రి ఆగండి.

యాక్టింగ్ డ్రైవర్‌ను పెట్టుకునేవాళ్లు ఒకటి అడగాలి. 'పగలంతా ఇంకో డ్యూటీ చేసి వచ్చావా, బాబూ?' అని. అతనూ మనిషే. డబ్బులిచ్చాం కదా అని నిద్ర ఆగదు. ఇంకొకరి తెల్ల బోర్డు కారు కిరాయికి తీసుకుని వెళ్తే బీమా క్లెయిమ్ చిక్కుల్లో పడొచ్చు. కిరాయికైతే పసుపు బోర్డు బండే తీసుకోవాలి.

ఏదైనా జరిగితే ఏం చేయాలి?

బండి ఆగిపోతే హజార్డ్ లైట్లు వేసి, వీలైనంత ఎడమకు తీయాలి. ఎర్ర త్రికోణం బోర్డును బండికి బాగా వెనకగా పెట్టాలి. అందరూ దిగి రోడ్డుకు దూరంగా, రెయిలింగ్ అవతల నిలబడాలి. ఆగిన కారులో కూర్చోవడం ప్రమాదం. జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033, అంబులెన్స్ 108, అత్యవసర సేవ 112. ఫోన్ చేసేటప్పుడు పక్కనున్న కిలోమీటరు రాయి మీది నంబరు చెబితే త్వరగా చేరుకుంటారు.

దారిలో ప్రమాదం కనిపిస్తే, రోడ్డు మీద బైకు గానీ మనిషి గానీ పడి ఉంటే, చూసీ చూడనట్టు పక్క నుంచి పోవద్దు. సురక్షితంగా ముందుకెళ్లి ఆపి 112కి చెప్పండి. మీ ఒక్క ఫోన్‌తో వెనక వచ్చే బండ్లలో ఉన్నవాళ్ల ప్రాణాలు నిలబడొచ్చు. చిన్నటేకూరు నేర్పిన పాఠం ఇదే. సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ కాపాడుతుంది. పేరు చెప్పమని బలవంతం చేయడానికి వీల్లేదు.

గాయపడినవాళ్లకు 2025 మే నుంచి కేంద్రం నగదు రహిత చికిత్స పథకం అమల్లో ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు రూ.1.5 లక్షల దాకా వైద్యం అందుతుంది. ఈ దారిలో పెద్ద ప్రభుత్వాసుపత్రులు కర్నూలు, నంద్యాల, కడపలో ఉన్నాయి. మధ్యలో ఎక్కడ దెబ్బ తగిలినా పెద్దాసుపత్రికి చేరడానికి చాలా సమయం పట్టొచ్చు. కాబట్టి ఫస్ట్ ఎయిడ్ కిట్, రక్తం ఆపడానికి శుభ్రమైన గుడ్డలు, తాగే నీళ్లు, ఫోన్ ఛార్జర్ కారులో ఉండాల్సిందే.

సీమ దారులు ఎవరూ వెళ్లకూడనివేమీ కావు. రోజూ వేల కుటుంబాలు క్షేమంగా వెళ్లొస్తున్నాయి. రాత్రి ప్రయాణం మానుకుని, ఘాట్‌లో గేరు మార్చుకుని, వంక పారుతుంటే ఆగిపోతే చాలా ముప్పు తప్పినట్టే. ఈసారి టికెట్లు దొరకలేదని రాత్రికి రాత్రి కారు తీస్తామని ఇంట్లో ఎవరైనా అంటే, పొద్దున 5 దాకా ఆగమని చెప్పండి.